నీళ్లమీద నిలబడ్డ మా మామ

యాగంటి బసవన్న మీద ఒట్టు, నేను చెప్పబోయేదాంట్లో ప్రతి మాటా నిజం. ఆ బసవన్న ఏటేటా పెరుగుతాడంటారు గదా, ఆయన మీద వేసిన ఒట్టు కూడా ఆయనతోపాటే పెరుగుతుందని మా వైపు ఒక నమ్మకం. ఆ నమ్మకాన్ని పుట్టించింది నేనేనని మా ఆవిడ ప్రమీల అంటుంది, పట్టించుకోకండి. ఇప్పుడు మీకు కాస్త తక్కువగా నమ్మబుద్ధయినా నష్టం లేదు. రెండేళ్లాగి మళ్లీ చదవండి, ఒట్టు పెరిగి ఉంటుంది.

పోయిన ఎండాకాలం మా అమ్మాయి నన్ను అవుకు వైపు ఒక జలాశయానికి తీసుకుపోయింది. ఒడ్డున జనం తిరునాళ్లలా ఉన్నారు. నీళ్లలో రంగురంగుల ప్లాస్టిక్ పలకలు. వాటిమీద నిటారుగా నిలబడి, పొడవాటి తెడ్డుతో నీళ్లు తోసుకుంటూ పోవడం ఇప్పటి పిల్లల సరదా. మా అమ్మాయి లైఫ్ జాకెట్ బిగించుకుని ఒక పలక ఎక్కింది. నేను దాని చెప్పులు చేతబట్టుకుని మోకాటిలోతు నీళ్లలో నిలుచున్నాను. పలక అడుగున నీళ్లు చప్ చప్ మని కొట్టుకుంటున్నాయి, కుక్కపిల్ల గంజి తాగుతున్నట్టు. ఆ చప్పుడు చెవిన పడగానే నా ముక్కుకు రాతిపొడి వాసన తగిలింది. ఎండకు కాగిన నల్లరాయిని ఉలి కొరికినప్పుడు వచ్చే వాసన. అక్కడ చుట్టుపక్కల రాతిపని చేసేవాళ్లెవరూ లేరు. ఆ వాసన మా మామది.

మా మామ బ్రహ్మయ్యాచారి, అంటే ప్రమీల వాళ్ల నాయన, ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. ఆయన కనురెప్పల మీద ఎప్పుడూ తెల్లటి పొడి ఉండేది. రాలిపోతుందనేమో, రెప్పలు తక్కువగా వేసేవాడు. మాటలూ అంతే తక్కువ. అబద్ధమాడటం ఆయనకు చేతకాదు. కొందరికి ఈల వెయ్యడం చేతకాదు చూడండి, ఎంత ఊదినా గాలే వస్తుంది, అట్లా. "ఉగాదికి విగ్రహం ఇస్తావా ఆచారీ?" అని ఎవరైనా అడిగితే, వేరే శిల్పులు "చూద్దాం సామీ" అనేవాళ్లు. మా మామ "ఇయ్యను" అనేవాడు. అట్లాంటి మనిషికి నాలాంటివాడు అల్లుడు కావడమే ఈ కథలో అన్నిటికంటే నమ్మశక్యం కాని సంగతి. మిగతాదంతా దాని పక్కన మామూలే.

తొంభైల నడిమి మాట. నేను నంద్యాలలో మోటార్లు రివైండింగ్ చేసే షాపులో పనిచేసేవాణ్ణి. కాలిన మోటారు విప్పి రాగితీగ చుట్టేటప్పుడు పనంతా చేతులదే, నోరు ఖాళీ. ఆ ఖాళీలో నోరు కథలు చుట్టేది. అట్లా ఉండగా మా అన్నా వదినా నన్ను ఆళ్లగడ్డకు పెళ్లిచూపులకు తీసుకుపోయారు. ఇంటి ముందు పందిరి కింద సగం చెక్కిన దేవుళ్లు వరసగా నిలబడి ఉన్నారు. కొందరికి చేతులు రాలేదు, కొందరికి ముఖాలు రాలేదు. మా కోసం ఆ రోజు ఉలులు ఆపేశారు. ఉగ్గాని, బజ్జీలు పెట్టారు. మాట్లాడే పనంతా ప్రమీల మేనత్త సుబ్బమ్మది. తల్లి లేని పిల్లను తానే పెంచింది. ఆమె మనసు ఇంకో సంబంధం మీద ఉంది. చాగలమర్రి అబ్బాయి, బస్టాండు దగ్గర సొంత హోటలు.

"మీ అబ్బోడు ఏం చేస్తాండాడు?" అని అడిగింది.

"మోటర్లు చుడతాడక్కా," అన్నాడు మా అన్న.

"చుట్టి?"

మా అన్న ఇంకో బజ్జీ కొరికాడు. అప్పటిదాకా నా చేతులకేసి చూస్తున్న బ్రహ్మయ్యాచారి తల ఎత్తాడు.

"పని సరేలే. పని లేనప్పుడు ఏం చేస్తావప్పా?"

నిద్రపోతా అనేది నిజం. కానీ తలుపు వెనకాల పసుపు రాసుకున్న పాదం ఒకటి సగం కనిపిస్తోంది. ఆ పాదం ముందు నిద్ర సంగతి చెప్పడానికి నోరు రాలేదు. క్షౌరశాలలో చూసిన పాత పత్రికలో ఒక బొమ్మ గుర్తుకొచ్చింది. ఎవరో దొర సముద్రంలో పలక మీద నిలబడి తెడ్డు వేస్తున్నాడు.

"నీళ్లమీద నిలబడతా మామా," అన్నాను.

"ఏందీ?"

"చెరువులో, పలక మీద. నిలబడి తెడ్డేసుకుంటా ఆ గట్టుకు పోయి ఈ గట్టుకు వస్తా. ప్రతి ఆదివారం."

మా వదిన నా వీపు గిల్లింది. సుబ్బమ్మత్త బుగ్గన వేలు పెట్టుకుంది. "కూసోని పోతారు గానీ నిలబడి పోయేదేందబ్బా, చెరువేమన్నా తిరునాళ్ల బస్సా?"

తలుపు వెనకాల ఎవరో పగలబడి నవ్వారు. ఆపుకోబోయి, ఆపుకోలేక, కొంగులో కుక్కుకున్న నవ్వు. అది విన్నాక నా మాట వెనక్కి తీసుకోవడం ఇక నావల్ల కాలేదు.

"అట్లయితే సూద్దాం," అంది సుబ్బమ్మత్త. "పై ఆదివారం మేమంతా నంద్యాలకొస్తాం. నిలబడితే పిల్ల మాట మాట్లాడుకుందాం. పడితే చాగలమర్రోళ్లతో తాంబూలాలు."

మామ ఊఁ అన్నాడు. ఆయన ఊఁ అంటే రాతిమీద గీటే.

నంద్యాల పక్కన ఆ చెరువుకు కాలవ నీళ్లు వచ్చేవి కాబట్టి నడివేసవిలో కూడా నిండుగా ఉండేది. ఒకవైపు ఇసుక మేట వేసింది. దాన్ని మేము బీచి అనేవాళ్లం. సముద్రం చూసినవాడు మాలో లేడు కాబట్టి కాదనేవాడూ లేడు. ఆదివారమైతే ఊరంతా అక్కడే. పుల్లైసు బండి, బొరుగుల మసాలా, లంగోటీ పిల్లలు, వాళ్లకంటే హాయిగా మునిగి ఉన్న బర్రెలు. పెళ్లిచూపుల మర్నాడు పని దిగగానే అక్కడికి ఒక పాత తలుపు మోసుకుపోయాను. కూలగొట్టిన ఇంటిది. దానికి రెండు పక్కలా మూతలు బిగించిన ఖాళీ నూనె డబ్బాలు కట్టాను. కూర్చుంటే తేలింది. మోకాళ్లమీద లేస్తే ఆలోచించింది. నిలబడితే విసిరేసింది. ఈత వచ్చు కాబట్టి ప్రాణానికి భయం లేదు, పోయేదల్లా ప్రమీలే. మా అన్న గట్టుమీద కూర్చుని బొరుగులు తింటూ, "ఒరే, తలుపు తీసి ఇంట్లోకి పోయేటోళ్లను చూసినా గానీ నీళ్లలోకి పోయేటోణ్ణి నిన్నే చూస్తాండా," అనేవాడు.

రోజూ సాయంత్రం అదే తంతు. ఒకరోజు తలమీద నాచుతో పైకి తేలేసరికి, గట్టుమీద మా అన్న పక్కన ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. బ్రహ్మయ్యాచారి. నంద్యాలకు విగ్రహం లారీలో తెచ్చి దించి, పోతూ పోతూ చెరువు చూద్దామని దిగాడట. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు. పంచె ఎగ్గట్టుకుని నీళ్లలోకి దిగి వచ్చాడు.

"ఏం చేస్తాండావప్పా?"

"పలకను పరీక్ష చేస్తాండా మామా. కొత్తది."

"అది తలుపు గదా."

నేను తలుపు వైపు చూశాను. గడియ కూడా ఉంది. ఏం బుకాయించను?

"నీకు నిలబడేది రాదు," అన్నాడు. అడగలేదు, చెప్పాడు.

"రాదు మామా."

ఇక అయిపోయింది, చాగలమర్రి హోటల్లో ఇడ్లీలు ఉడుకుతున్నాయి అనుకున్నాను. ఆయన నా తలమీది నాచు తీసి పక్కన వేశాడు. కాసేపు నీళ్లకేసి చూశాడు.

"ఆ పొద్దు మా పిల్ల నవ్వె. విన్యావా?"

"విన్యా మామా."

"నేనెప్పుడూ ఇనలే. మా ఇంట్లో ఉలి సద్దు ఆగేది లేదు. ఆ పొద్దు మీ కోసం ఆపితిమి గదా, అందుకే ఇనపడె. అంతగా నవ్వుతాదని నాకు తెల్దప్పా." తలుపు అంచు పట్టుకున్నాడు. "నువ్వు పడగూడదు."

అంటూనే వంగి తలుపును తిరగేశాడు. అడుగు భాగమంతా అరచేత్తో తడిమాడు.

"దీనికి పీఠం యాడ?"

"తలుపుకు పీఠమేంది మామా?"

"స్వామికే పీఠం లేకుంటే నిలబడేదానికి కాదు. నీకొద్దా? రేపు దీన్ని ఎత్తుకోని ఆళ్లగడ్డకు రా."

మర్నాడు షాపుకు సెలవు పెట్టి బస్సు టాపు మీద తలుపు వేసుకుని పోయాను. కండక్టరు నిచ్చెన పట్టుకుని అడిగాడు: "ఇంటికి తలుపు తీసుకపోతాండావా, తలుపుకు ఇల్లు ఎతుకుతాండావా?" రెండోదే నిజమని తర్వాత అర్థమైంది.

మామ ఒక నల్లరాతి పలకను ఎంచి చెక్కడం మొదలుపెట్టాడు. తలుపు నడిమధ్య, అడుగున, ఇనుప పట్టీలతో ఆ రాయి వేలాడాలి. విగ్రహానికి కూడా పాదాల కింద కొంత రాయి వదిలి పీఠంలోకి దించుతారు. అది ఎవరికీ కనిపించదు. దానికెవరూ పసుపు రాయరు, పూలు పెట్టరు. కానీ స్వామిని నిలబెట్టేది అదే. ఇదంతా ఆయన చెప్పలేదు, చేస్తుంటే చూసి తెలుసుకున్నాను. చూసి చూసి ఆగలేక అడిగాను.

"మామా, రాయి మునుగుతాది గదా!"

"రాయి మునగాల. నువ్వు నిలబడాల. ఎవరి పని వాళ్లది."

అప్పుడే ప్రమీల మజ్జిగ తెచ్చింది. గ్లాసు ఇస్తూ నెమ్మదిగా అడిగింది, "నిజంగానే నిలబడతారా?"

"పుట్టినప్పటి నుంచీ."

"పుట్టినప్పుడు ఎవురైనా పండుకోనే గదా ఉంటారు."

మామ మాకు చాటు కల్పిస్తున్నట్టు సుత్తి గట్టిగా వేశాడు. నేనేదో అన్నాను, ఏమన్నానో గుర్తులేదు, ప్రమీల నవ్వింది. ఉలి ఆగింది. ఆయన తల ఎత్తలేదు. నవ్వు అయిపోయేదాకా అట్లాగే ఉండి, మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు.

ఆదివారం పొద్దున తలుపూ, రాయీ, మామా, సుబ్బమ్మత్తా, ప్రమీలా అందరూ ఒకే టెంపోలో చెరువుకు దిగారు. నీళ్లలో పెట్టి చూసే వ్యవధి లేకపోయింది. అక్కడే ఒక పొరపాటు బయటపడింది, రాతిపనివాళ్లు మాత్రమే చెయ్యగల పొరపాటు. రాయి ఎక్కువుంటే చెక్కి తగ్గించొచ్చు, తక్కువైతే అతకలేము. అందుకని వాళ్లు ఎప్పుడూ ఒక వేలెడు ఎక్కువే ఉంచుతారు. నీళ్లలో కట్టే రాయికీ మామ చెయ్యి అదే పని చేసింది. నేను పాదం మోపాను. తలుపు దిగింది. రెండో పాదం మోపాను. తలుపు పూర్తిగా నీళ్లలోపలికి పోయింది.

"మునిగిపాయె!" అని సుబ్బమ్మత్త ఒడ్డునుంచి కేక. అందులో బాధ లేదు.

నేను కళ్లు మూసుకున్నాను. చీలమండ దగ్గర చల్లగా తగిలి నీళ్లు ఆగిపోయాయి. ఇంకా కిందికి పోలేదు. కళ్లు తెరిచాను. నిలబడి ఉన్నాను. ఇంటి గడప మీద నిలబడ్డట్టు నిలబడి ఉన్నాను. వెదురు బొంగుకు చెక్క కొట్టిన తెడ్డుతో ఒక తోపు తోశాను. కదిలాను. ఇంకోటి తోశాను. బర్రెలు పక్కకు జరిగి దారిచ్చాయి.

ఒడ్డునుంచి చూసేవాళ్లకు ఏం కనిపించి ఉంటుందో ఆలోచించండి. తలుపు లేదు, డబ్బాలు లేవు, రాయి లేదు. అన్నీ నీళ్ల కింద. చెరువు మీద ఒక మనిషి, కర్ర చేతబట్టుకుని, ఒట్టి నీళ్లమీద నిలబడి పోతున్నాడు! ముందు పుల్లైసు బండివాడు గంట కొట్టడం ఆపాడు. పిల్లలు ఈత ఆపారు. యాగంటికి పోయి వస్తూ కాళ్లు కడుక్కోవడానికి దిగిన ఒక ముసలమ్మ, తడి చేతులతోనే దండం పెట్టి "గోవిందా!" అంది. ఆ ఒక్క గోవిందకు గట్టంతా గోవింద కొట్టింది. సుబ్బమ్మత్త అటూ ఇటూ చూసి, ఎందుకైనా మంచిదని లెంపలు వేసుకుంది.

అంత జనం దండం పెడుతుంటే మనిషన్నవాడికి తల తిరగకుండా ఉంటుందా? మామ పందిట్లో చూసిన స్వాముల్లాగే నేనూ కుడిచెయ్యి ఎత్తి అభయం ఇచ్చాను. పలక ఒక్కసారి ఊగింది. ఒడ్డునుంచి మామ గొంతు వినిపించింది, అంత గట్టిగా ఆయన అరవడం అదే మొదలు:

"చెయ్యి దించప్పా! నువ్వు దేవుడివి గాదు, అల్లుడివి!"

ఆయన తానేమన్నాడో తానే విని ఆగిపోయాడు. ఊగిన పలక కూడా కింది రాయి బరువుకు మళ్లీ సర్దుకుని నిలబడింది. ప్రమీల నవ్వు నీళ్ల మీదుగా నాదాకా వచ్చింది. సుబ్బమ్మత్త కొంగు దులుపుకుని, "సరేలే, ఇడ్లీలు ఎవుడైనా చేస్తాడు," అంది. మా తాంబూలాలు అంతటితో అయిపోయినట్టే.

నేను ఒడ్డుకు వచ్చాక మామ నా చేతిలోంచి తెడ్డు తీసుకున్నాడు. పలక ఎక్కాడు. ఏళ్లతరబడి గొంతుకూర్చుని చెక్కిన మోకాళ్లు, విప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. నిలబడ్డాడు. నిదానంగా చెరువు నడుమకు పోయి, అక్కడ తెడ్డు ఆపి, అట్లాగే నిలబడ్డాడు. కనురెప్పల మీది పొడి ఎండకు మెరిసింది. ఆయన్ని చూసి ఎవరూ గోవింద కొట్టలేదు. అందరూ ఊరకే చూశారు. తిరిగి వచ్చి దిగాక అన్నాడు: "ఇన్నేండ్లు నేను రాళ్లను నిలబెడితి. ఈ పొద్దు రాయి నన్ను నిలబెట్టె."

పెళ్లయ్యాక నేను ఆళ్లగడ్డలోనే సొంతంగా రివైండింగ్ షాపు పెట్టుకున్నాను. మధ్యాహ్నాలు మామ పందిట్లో కూర్చోవడం అలవాటైంది. కొత్త శతాబ్దం వచ్చినా ఆ పందిట్లో మారిందేమీ లేదు, ప్రమీల వచ్చినప్పుడల్లా ఉలి కాసేపు ఆపడం తప్ప. ఒకసారి గడివేముల నుంచి కొందరు ఆంజనేయస్వామి విగ్రహం కోసం వచ్చారు. పని దాదాపు అయిపోయింది. మామ చివరిసారి చిన్న సుత్తితో తడుతూ మోకాలి దగ్గర ఆగాడు. మళ్లీ తట్టాడు.

"ఈడ సద్దు తేడాగ ఉండాది. లోపల సన్నగ పగిలి జీర పోయినట్టుండాది. ఇది ఇయ్యను. ఇంకోటి చెక్కుతా."

నెలల పని. నాకు ప్రాణం ఉసూరుమంది. వచ్చినవాళ్లను పక్కకు పిలిచాను. "అది జీర గాదన్నా, స్వామి నరం. సముద్రం దాటిన కాలు గదా, నరం ఉబ్బి ఉంటాది," అన్నాను. వాళ్లు నమ్మి భక్తిగా మోకాలు తాకబోతున్నారు కూడా. మామ నన్ను పిలిచాడు. కోప్పడలేదు.

"నీ చెరువు గురించి ఎన్నైనా చెప్పుకో అప్పా, బాగుంటాది. రాయి గురించి మాత్రం చెప్పొద్దు. దానికి దండం పెట్టుకునేటోళ్లు ఉండారు."

కథలు చెప్పే నాకు ఎవరైనా గీసిన గీటు అదొక్కటే. ఇప్పటికీ నా షాపుకు వచ్చిన మోటారు గురించి నేను అబద్ధం చెప్పను. కాలితే కాలిందంటాను. మిగతా లోకం గురించి అంత పట్టుదల లేదు.

ఇక ఒట్టు సంగతి. బసవన్న పెద్దవాడు, ఆయన్ని ఎక్కువసేపు మోసం చెయ్యకూడదు. తలుపు నిజం, రాయి నిజం, గోవిందలు నిజం, సుబ్బమ్మత్త లెంపలు నిజం. మా మామ ఆ పలక ఎక్కడమే అబద్ధం. ఆ రోజు నేను "రా మామా, ఎక్కు" అని తెడ్డు చాచాను. ఆయన మోకాటిలోతు నీళ్లలో నిలబడి, పలకకు కట్టిన తాడు పట్టుకుని, దానివైపు చాలాసేపు చూశాడు. "మళ్లొచ్చినప్పుడు," అన్నాడు. మళ్లీ రావడం కుదరలేదు. ఒక ఏడు కాలవ రాక చెరువు ఎండింది, ఒక ఏడు పని ఎక్కువైంది, ఆ తర్వాత ఏళ్లలో ఆయన మోకాళ్లు ఒప్పుకోలేదు. రాయి నన్ను నిలబెట్టె అన్న మాట కూడా నేను చుట్టిందే. ఆయన అంత పొడుగు మాట్లాడడు.

అయితే గడివేములవాళ్లు కొత్త విగ్రహం తీసుకుపోవడానికి మళ్లీ వచ్చినప్పుడు, లారీ కోసం ఎదురుచూస్తూ నేను వాళ్లకు ఈ కథంతా చెప్పాను. ఊపులో, మామ అక్కడే కూర్చున్నాడన్నది మరిచిపోయి, ఆయన్ని పలక ఎక్కించి చెరువు నడుమకు పంపేశాను. వాళ్లలో పెద్దాయన మామ వైపు తిరిగాడు.

"నిజమేనా ఆచారీ? నువ్వు అబద్ధం చెప్పవని మా ఊరంతా తెలుసు. నువ్వు నిలబడితివా?"

మామ ఉలి కింద పెట్టాడు. నా వైపు చూశాడు. వాకిట్లో నిలబడ్డ ప్రమీల వైపు చూశాడు. తర్వాత పెద్దాయనతో నెమ్మదిగా అన్నాడు:

"నీళ్లు సల్లగుండె."

మా మామ తన జీవితంలో ఆడిన అబద్ధం, నాకు తెలిసి, అదొక్కటే. ఇప్పుడాయన లేడు. అది నా దగ్గర ఉంది. ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆయన్ని చెరువులో ఇంకాస్త దూరం పోనిస్తాను.